ధాన్యపు లెక్కకు దారి, చూపునకు వెల: మిల్లుల సీమలో బిజినెస్ ఇంటెలిజెన్స్

నాగార్జునసాగరపు ఎడమకాలువ నీరు పారిన నాటినుండి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల బ్రతుకు వరితో ముడివడినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టనుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిన పిదప, మెట్టపైరులతో కాలము గడపిన పల్లెలు మాగాణములై, ఆ మాగాణముల పంటను ఆడించుటకు మిల్లులు వెలసి, మిర్యాలగూడ దేశమందలి పెద్ద బియ్యపు మిల్లుల కేంద్రములలో నొకటిగా పేరొందినది. సూర్యాపేట వ్యవసాయ మార్కెట్టు యార్డు వానాకాలమునను యాసంగియందును ధాన్యపు రాశులతో నిండును. ఆంధ్రప్రదేశ్ సరిహద్దు చెంత, 65వ జాతీయ రహదారిపై నున్న కోదాడ మీదుగా బియ్యము, తవుడు, మేళ్లచెరువు సిమెంటు లారీలకెక్కి రెండు రాష్ట్రముల నడుమ రేయింబవళ్లు కదలుచుండును.

ధాన్యము కదలిన చోటనెల్ల ఒక అంకె పుట్టును. యార్డులో దడ్వాయి తూచిన బరువు తక్‌పట్టీ అను చీటికి ఎక్కును. కొనుగోలు కేంద్రమున తేమ కొలిచి 17 శాతమునకు మించినదా లేదా అని చూతురు. మిల్లు గేటు వద్ద లారీ వే బ్రిడ్జి ఎక్కినప్పుడు నిండు బరువు, దించి తిరిగి వచ్చినప్పుడు ఖాళీ బరువు నమోదగును. ఆడించిన పిదప బియ్యము, నూక, తవుడు, ఊక వేరువేరుగా లెక్కకు వచ్చును. సరకు బయలుదేరునప్పుడు జీఎస్టీ బిల్లు, ఈ-వే బిల్లు పుట్టును. ఇన్ని అంకెలు పుట్టుచున్నను, ఈ వారము మిల్లు లాభమున నడచినదా, నష్టమున నడచినదా అని యజమాని అడిగినచో వెంటనే బదులు చెప్పగల గుమస్తా అరుదు. కాటా లెక్క ఒక కంప్యూటరులోను, కొనుగోళ్లు టాలీ అను లెక్కల సాఫ్ట్‌వేరులోను, తేమ కొలతలు పుస్తకమునందును, కరెంటు బిల్లు ఫైలులోను ఉన్నవి గనుక, వాని నొకచోట చేర్చి చదువుట అతనికి రెండు మూడు దినముల పని యగును.

ఈ ఆలస్యమునకు వెల యెంతయో ఒక లెక్క చూచిన తెలియును. పౌరసరఫరాల సంస్థ యిచ్చిన ధాన్యమును మరపట్టి బియ్యముగా తిరిగి అప్పగించు కస్టమ్ మిల్లింగ్ పద్ధతియందు, క్వింటాలు ధాన్యమునకు పచ్చి బియ్యమైనచో 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైనచో 68 కిలోలు మిల్లరు అప్పగించవలెను. పదివేల క్వింటాళ్ల ధాన్యమునకు ఉప్పుడు బియ్యము 6,800 క్వింటాళ్లన్నమాట. తేమ లెక్క తప్పియో, పొట్టు తీయు రబ్బరు రోలర్లు అరిగియో దిగుబడి 66 శాతమునకు జారినచో, 200 క్వింటాళ్ల లోటును మిల్లరు తన సొంత బియ్యముతో పూడ్చుకొనవలసి వచ్చును. ఆ జారుడు మొదటి వారముననే కంటబడినచో రోలరు మార్చి, డ్రయ్యరు వేడి సరిచేసి నిలద్రొక్కుకొనవచ్చును. సీజను ముగిసిన పిదప ఆడిటరు చెప్పగా తెలిసినచో చేయునదేమియు నుండదు.

చెదరియున్న అంకెలను ఒకచోటికి రప్పించి, కూడి, పోల్చి, ఒక తెరపై పటములుగా, పట్టికలుగా చూపించు సాధనములనే బిజినెస్ ఇంటెలిజెన్స్ సాఫ్ట్‌వేరు, సంక్షేపముగా బీఐ అనుచున్నారు. ఈ పేరు క్రొత్తదేమియు గాదు: ఐబీఎమ్ సంస్థయందలి పరిశోధకుడు హాన్స్ పీటర్ లూన్ 1958లోనే దీనిని తన వ్యాసమునకు శీర్షికగా నుంచెను. నేడు మైక్రోసాఫ్ట్ వారి పవర్ బీఐ, టాబ్లో, గూగుల్ వారి లుకర్ స్టూడియో, చెన్నై కేంద్రముగా నున్న జోహో వారి అనలిటిక్స్, ఎవరైనను ఉచితముగా దించుకొని నడుపుకొనదగిన మెటాబేస్, అపాచీ సూపర్‌సెట్ అనునవి ఈ వర్గమున ప్రసిద్ధములు. ఇవి కొనబోవు వ్యాపారికి రెండు చిక్కులు ఎదురగును: లైసెన్సు ఏది తీసుకొనవలెను, డేటాను ఏ దారిన కలుపవలెను అని. అమ్మువారు ఈ రెంటిని వేరువేరుగా చెప్పుదురు. విచారించి చూడగా ఈ రెండును ఒక్క ప్రశ్నయొక్క రెండు ముఖములని తోచును: లెక్క ఎక్కడ నున్నది, దానిని ఎవరు, ఎంత తొందరగా చూడవలెను? ఈ ప్రశ్నకు బదులు చెప్పుకొనక కొన్న సాఫ్ట్‌వేరు ఎంత గొప్పదైనను భారమే.

ముందు లైసెన్సుల సంగతి. సాఫ్ట్‌వేరుకు చెల్లించు డబ్బు వాడుకొను అనుమతికి గాని, సొంతదారుతనమునకు గాదు. ఆ అనుమతిని కొలుచు పద్ధతులు పెక్కు. వానిలో ముఖ్యములు రెండు. ఆర్టీసీ బస్సెక్కినవాడు తలకొక టిక్కెట్టు తీసికొనును. పెండ్లివారు బస్సు మొత్తము మాట్లాడుకొని, ఎందరెక్కినను ఒకే బాడుగ చెల్లింతురు. బీఐ లైసెన్సులును ఇట్లే, మనిషికింత అనునవి కొన్ని, సర్వరు సామర్థ్యమునకింత అనునవి కొన్ని.

పవర్ బీఐని ఉదాహరణముగా గైకొందము. నివేదికలు తయారుచేయు డెస్క్‌టాప్ ప్రోగ్రాము ఉచితము. ఎవరైనను దించుకొని, తన కంప్యూటరులో తన లెక్కలను చూచుకొనవచ్చును. ఆ నివేదికను ఇంటర్నెట్టుపై నుంచి ఇతరులతో పంచుకొనవలెనన్నప్పుడే వెల మొదలగును. పంచువాడును ప్రో లైసెన్సు గలవాడై యుండవలెను, చూచువాడును ప్రో లైసెన్సు గలవాడై యుండవలెను. చాలకాలము 10 డాలర్లుగా నున్న దీని నెలసరి వెలను 2025 ఏప్రిల్ నుండి 14 డాలర్లకు పెంచిరి. యజమాని, మేనేజరు, అకౌంటెంటు, హైదరాబాదునందున్న భాగస్వామి అను నలుగురికి నెలకు 56 డాలర్లు, ఏడాదికి 672 డాలర్లు. దానిపై 18 శాతము జీఎస్టీ. సామర్థ్యమును కొనువారికి దారి వేరు: ఎఫ్64 అనబడు స్థాయినిగాని, దానికి పైదానినిగాని తీసికొన్నచో, చూచువారికి విడిగా ప్రో లైసెన్సు అక్కరలేదు. ఏడాది ముందస్తు ఒప్పందముపై దాని వెల నెలకు సుమారు 5,000 డాలర్లు. ఐదువేలను పదునాలుగుచేత భాగించినచో చూచువారు సుమారు 350 మందికి మించినప్పుడే అది గిట్టుబాటగునని తేలును. పెద్ద సిమెంటు కర్మాగారమునకు అది ఆలోచింపదగినది. మిల్లుకు గాని, అడ్తి దుకాణమునకు గాని దానితో పనిలేదు.

టాబ్లో వారు మనుషులనే మూడు తరగతులుగా విభజించిరి. డేటాను కలిపి నివేదికలు నిర్మించువాడు క్రియేటరు. ఉన్న డేటాతో తనకు కావలసిన కోణమున వెదకువాడు ఎక్స్‌ప్లోరరు. తయారైనదానిని చూచువాడు వ్యూయరు. మొదటివానికి వెల అధికము, చివరివానికి తక్కువ. ఈ విభజన మన వ్యాపారములకు చక్కగా సరిపడును, ఏలయనగా మన దుకాణములలో నిర్మించువాడు సాధారణముగా ఒక్కడు, చూచువారు నలుగురైదుగురు. ఏ సంస్థ సాఫ్ట్‌వేరైనను కొనకముందు ఈ జాబితాను కాగితముపై వ్రాసికొన్నచో, అందరికిని పెద్ద లైసెన్సు అంటగట్టు వ్యయము తప్పును.

ఉచితములగు సాధనములందును భేదములెరుగవలెను. లుకర్ స్టూడియో ఉచితము. గూగుల్ షీట్లలో లెక్కలు వ్రాసికొను చిన్న వ్యాపారికి అది సులభమగు ఆరంభము. టాబ్లో పబ్లిక్ కూడ ఉచితమే. అయితే దానిలో ప్రచురించినది లోకమంతటికి కనబడును గనుక వ్యాపారపు లెక్కలకది తగదు. పవర్ బీఐలోని పబ్లిష్ టు వెబ్ అను మీటయు నట్టిదే: లింకు దొరికిన ప్రతివాడును పాస్‌వర్డు లేకుండ చూడగలడు. తాను కొన్న ధర పోటీ మిల్లరుకు తెలిసినచో నేమగునో మిల్లరుకు చెప్పనక్కరలేదు. మెటాబేస్, సూపర్‌సెట్ స్వేచ్ఛా లైసెన్సులపై లభించునవి. 2015లో ఎయిర్‌బీఎన్‌బీ సంస్థలో ఆరంభమైన సూపర్‌సెట్ పిదప అపాచీ ఫౌండేషను చేతికి వచ్చినది. వీనికి లైసెన్సు రుసుము లేకున్నను సర్వరు నిలుపుటకు, నవీకరించుటకు, బ్యాకప్పులు తీయుటకు తెలిసినవాడు కావలెను. ఆ మనిషి జీతము లెక్కవేయక ఉచితమనుట ఆత్మవంచన.

ఇక డేటా దారుల సంగతి. మన పట్టణములలో లెక్కలు ఎక్కువగా టాలీలో నుండును. 1986లో శ్యాంసుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకా ఆరంభించిన ఈ సాఫ్ట్‌వేరు చిట్టా, ఆవర్జాల స్థానమును క్రమముగా ఆక్రమించినది. ఒక కంప్యూటరుకు సరిపడు సిల్వర్ లైసెన్సు, ఒకే నెట్‌వర్కునందలి పలు కంప్యూటరులకు సరిపడు గోల్డ్ లైసెన్సు అని దీనియందును రెండు రకములు గలవు. టాలీలోని లెక్కలను వేరొక ప్రోగ్రాము చదువుటకు ఓడీబీసీ అను ద్వారము కలదు. వేరువేరు ప్రోగ్రాములు, వేరువేరు డేటాబేసులు ఒకే భాషలో మాటలాడుకొనుటకై 1992లో మైక్రోసాఫ్ట్ వెలువరించిన ప్రమాణమిది. ముప్పదేండ్లు దాటినను నేటికిని పనిచేయుచున్నది.

ఈ దారిని దగ్గరనుండి చూతము. టాలీప్రైమ్ తెరచి ఎఫ్1 నొక్కి సెట్టింగ్స్‌లో కనెక్టివిటీకి పోయి, టాలీ సర్వరుగా పనిచేయవలెనని, ఓడీబీసీ ఉండవలెనని ఎంచుకొనవలెను. పోర్టు సాధారణముగా 9000. పిదప ఎక్సెల్ నందు డేటా మెనూలో గెట్ డేటా అనుదానినుండి ఓడీబీసీని ఎంచుకొన్నచో, టాలీ పేరు జాబితాలో కనబడును. దానిని తాకినచో లెడ్జర్లు, వాని ముగింపు నిల్వలు, సరకుల నిల్వలు పట్టికలుగా దిగివచ్చును. ఇచట అనేకులు చిక్కుకొను చోట్లు మూడు గలవు. టాలీ తెరచియుండి, కంపెనీ లోడై యున్నప్పుడే ఈ ద్వారము తెరుచుకొనును. రాత్రి గుమస్తా టాలీని మూసి ఇంటికి పోయినచో ద్వారమును మూతపడును. రెండవది, టాలీ 64 బిట్లది, ఎక్సెల్ 32 బిట్లది అయినచో డ్రైవరు కనబడదు. రెండును ఒక్క రకమై యుండవలెను. మూడవది, నిల్వలు సులభముగా వచ్చును గాని, ప్రతి వోచరు వివరము కావలెనన్నచో ఎక్స్‌ఎంఎల్ మార్గమునో, టాలీకే ప్రత్యేకమగు టీడీఎల్ భాషలో వ్రాసిన చిన్న ప్రోగ్రామునో ఆశ్రయింపవలెను. ఈ మూడును తెలిసినవాడు ఒక పూటలో చేయు పనిని తెలియనివాడు నెలయైనను చేయలేడు.

డేటాను తెచ్చు తీరులు ప్రధానముగా రెండు. మొదటిది ఇంపోర్టు: మూలమునుండి నకలు తీసికొని, బీఐ తన యొద్ద నుంచుకొని, అడిగినప్పుడు ఆ నకలునుండి వెంటనే చూపును. రెండవది డైరెక్ట్‌క్వెరీ: నకలు ఉంచుకొనక, చూచువాడు మీట నొక్కిన ప్రతిసారియు మూలమగు డేటాబేసునే అడిగి తెచ్చును. మొదటిదానిలో చూపు వేగము, లెక్క కొంత పాతది. రెండవదానిలో లెక్క తాజా, చూపు నెమ్మది, మూలముపై భారము. సాధారణమగు ఓడీబీసీ దారిలో పవర్ బీఐ ఇంపోర్టునే అనుమతించును. ప్రో లైసెన్సుతో ఆ నకలును దినమునకు ఎనిమిదిసార్లు తాజా చేసికొనవచ్చును, ఒక్కొక్క నకలు ఒక గిగాబైటుకు మించరాదు. నెలకు 24 డాలర్ల ప్రీమియం పర్ యూజరు లైసెన్సుతో 48 సార్లు చేసికొనవచ్చును. లైసెన్సు ప్రశ్నయు డేటా దారి ప్రశ్నయు ఒక్కటియని పైన చెప్పుటకు కారణమిదియే: తాజాదనమునకును వెల కట్టబడియున్నది. మిల్లునందు దిగుబడిని షిఫ్టునకొకసారి చూచిన చాలును. ఎనిమిదిసార్లు కూడ అధికమే. తన పని యెరిగిన యజమాని అక్కరలేని వేగమును కొనడు.

మిల్లు కంప్యూటరునందున్న లెక్క ఇంటర్నెట్టుపై నున్న బీఐ సేవకు చేరుటకు నడుమ నొక ద్వారపాలకుడు కావలెను. పవర్ బీఐలో దానిని గేట్‌వే అందురు. దానికి విడిగా వెలలేదు. అది మన కంప్యూటరునుండి బయటకు మాత్రమే మాటలాడును గనుక, ఆఫీసు ఫైర్‌వాలులో బయటివారికొరకు క్రొత్త ద్వారము తెరవనక్కరలేదు. ఒక్క మనిషికొరకు పనిచేయు పర్సనల్ మోడు, పలువురు వాడుకొనదగిన స్టాండర్డ్ మోడు అని అది రెండు విధములు. ఏదైనను ఆ కంప్యూటరు వెలుగుచుండవలెను. కరెంటు పోయినచో లెక్క నిలిచిపోవును. కాబట్టి టాలీ లెక్కలను, వే బ్రిడ్జి లెక్కలను సాయంకాలము టాలీ మూయకముందే ఒక ప్రత్యేక డేటాబేసునకు చేర్చుకొని, బీఐని దానికి కలుపుట మేలు. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వరు ఎక్స్‌ప్రెస్ ఉచితముగా దొరకును. 2022 సంచికలో 10 గిగాబైట్లవరకు ఒక డేటాబేసు పట్టును, అది ఒక మిల్లునకు పెక్కు సీజన్ల లెక్కకు చాలును. బీఐకి ఇచ్చు పాస్‌వర్డు చదువుటకు మాత్రమే అధికారము గలదై యుండవలెను. లెక్క దిద్దు అధికారము దానికి ఎన్నడును ఈయరాదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటను శాఖలున్న వ్యాపారి ఒకే నివేదికను ముగ్గురు మేనేజర్లకు ఇచ్చి, ఎవరి శాఖ లెక్క వారికే కనబడునట్లు చేయవచ్చును. దీనిని రో లెవెల్ సెక్యూరిటీ అందురు. ఇట్టి సౌకర్యమున్న సాధనముతో మూడు నివేదికలు వేరుగా చేయు శ్రమ యుండదు. అయితే అంకెలు ముందుగా ఒక్క తీరున నుండవలెను. ఒకే ఖరీదుదారుని పేరు టాలీలో మూడు విధములుగా, ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట దుకాణపు పేరుతో, ఒకచోట పొట్టి అక్షరములతో నున్నచో, తెరపై ముగ్గురు బాకీదారులుగా కనబడుదురు. ఎంత వెలగల సాఫ్ట్‌వేరైనను వారొకరేయని తనంతట తాను తేల్చలేదు. లెడ్జర్ల పేర్లు, సరకుల పేర్లు, బస్తాయా క్వింటాలా అను కొలమానము సరిదిద్దుటయే ఈ పనిలో సగము.

చట్టము చెప్పునది కూడ తెలియవలెను. మన దేశమున కంప్యూటరు ప్రోగ్రాములు 1957 నాటి కాపీరైట్ చట్టముచేత సాహిత్యకృతులవలె రక్షింపబడుచున్నవి. దొంగప్రతియని తెలిసియు కంప్యూటరుపై వాడువానికి 63బి సెక్షను ఏడు దినములనుండి మూడేండ్లవరకు కారాగారమును, యాభైవేలనుండి రెండులక్షల రూపాయలవరకు జరిమానాను విధించును. ఉచితములగు మంచి సాధనములు ఇన్ని యుండగా దొంగప్రతికి ఒడిగట్టుట అవివేకము. వ్యక్తిగత సమాచారముపై 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టము, తగిన రక్షణ కల్పింపనివారికి 250 కోట్లవరకు జరిమానా నిర్దేశించినది. రైతు పేరు, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా వ్యాపారి చేతిలో నున్న అప్పగింతలు. గ్రామములవారీ మొత్తములు చాలిన చోట రైతుల పేర్లను డ్యాష్‌బోర్డుపైకి ఎక్కింపరాదు.

సొంత లెక్కల ప్రక్కన బయటి లెక్కలను నిలుపుకొనుట ఎంతయు లాభకరము. 2016 ఏప్రిల్ 14న ఆరంభమైన ఆన్‌లైను వ్యవసాయ మార్కెట్టగు ఈ-నామ్, అగ్‌మార్క్‌నెట్ పోర్టలు మార్కెట్ల ధరలను వెల్లడించుచున్నవి. తెలంగాణ ప్రభుత్వము తన ఓపెన్ డేటా పోర్టలున పలు పట్టికలను ఉంచినది. డేటాకు కూడ లైసెన్సు కలదు: కేంద్రము 2017లో ప్రకటించిన ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్సు ప్రకారము విడుదలైన సమాచారమును, మూలమును పేర్కొని, వ్యాపారమునకు సైతము వాడుకొనవచ్చును. సూర్యాపేట యార్డు ధరను తాను కొన్న ధర ప్రక్కన చూచుకొను ఖరీదుదారుడు తన బేరమును తానే తూచుకొనగలడు. అదే పట్టిక రైతు సంఘము చేతిలో నున్నచో రైతు బేరమునకును అదే బలము.

కాబట్టి కొనదలచినవారికి క్రమమిది. ఎవరు నిర్మింతురు, ఎవరు చూతురు, ఎంత తాజా లెక్క కావలెను, లెక్క ఏ కంప్యూటరులో నున్నది అనునవి మొదట వ్రాసికొనవలెను. లెడ్జర్లను శుభ్రపరచి, ఎక్సెల్‌తోనో ఉచితమగు పవర్ బీఐ డెస్క్‌టాపుతోనో ఒక్క సీజను నడపి చూడవలెను. ఏ అంకెలను యజమాని నిజముగా ప్రతిదినము చూచుచున్నాడో తేలిన పిదపనే లైసెన్సులకు డబ్బు కట్టవలెను. చందా ఆపినచో నివేదికలు ఏమగును, డేటా ఏ రూపమున తిరిగి చేతికి వచ్చును అని అమ్మువానిని వ్రాతమూలముగా అడుగవలెను. దీనికి తిన్నగా బదులు చెప్పనివానివద్ద కొనరాదు. సాఫ్ట్‌వేరులు మారును, వెలలు మారును. మూల లెక్క, దాని బ్యాకప్పు మాత్రము యజమాని సొంత కంప్యూటరునందే యుండవలెను. చిన్న పట్టణములలోని వ్యాపారము పెద్ద సంస్థలతో పోటీపడి నిలుచుటకు పెద్ద పెట్టుబడికన్న ముందు కావలసినది, తన లెక్కను తాను సకాలమున చదువుకొను అలవాటు. ఆ అలవాటునకు కావలసిన సాధనములు నేడు సూర్యాపేట దుకాణమునకును, కోదాడ గోదామునకును, మిర్యాలగూడ మిల్లునకును అందుబాటులోనే యున్నవి.